కత అయ్యేదాకా బడి

మా ఇంగ్లీషు అయ్యవారు పోయారు. పెనుకొండలో, తన ఇంట్లో, పొద్దున కాఫీ ఒక గుక్క తాగి, "పాలు విరిగినట్లుండాయే" అని విసుక్కొని, పడక్కుర్చీలో వెనక్కి వాలి, అట్లాగే పోయారట. ఈ వార్త తెచ్చిన బంధువు ఆ ఆఖరి మాట దగ్గర ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అంత పెద్దమనిషి నోట చివరికి దేవుడి పేరు రాలేదే అని ఆయన బాధ. నాకు మాత్రం ఏడుస్తూనే నవ్వొచ్చింది. బతికినన్నాళ్ళూ అయ్యవారికి లోకంలో ఏదో ఒకటి విరిగినట్లే కనిపించేది. చాలాసార్లు అది నిజంగా విరిగే ఉండేది కూడా.

ఉత్త దుఃఖమే అయితే ఇంట్లో కూర్చొని ఏడ్చి ఊరుకొనేదాన్ని. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఒళ్ళు మండి. పాత విద్యార్థులమని చెప్పుకొనే కొందరు పెద్దలు చేరి, పెనుకొండలో సంతాపసభ పెట్టారు. సభ తర్వాత, అయ్యవారి జ్ఞాపకార్థం, బెంగుళూరు నుంచి తెప్పించిన ఒక పాత ఇంగ్లీషు సినిమా వేశారు. విక్టోరియా రాణి కాలంలో రాసిన పెద్ద పేరున్న నవల ఆధారంగా తీసిన సినిమా అది. "అయ్యవారికి ఆ సినిమా అంటే ప్రాణం" అని మైకులో చెప్పారు.

ప్రాణమా! ఆ సినిమా పేరెత్తితే అయ్యవారు జేబురుమాలు తీసి చేతులు తుడుచుకొనేవారు. తెలియకపోతే నోరు మూసుకొని కూర్చోవచ్చు కదా. పోయిన మనిషి లేచి వచ్చి కాదనలేడనే ధైర్యంతో ఏదైనా అనేయడమేనా? అందుకే అసలు జరిగింది మీకు చెప్తాను.

అయ్యవారు ధర్మవరం హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొడుగు లేకుండా కనిపించేవారు కాదు. సుద్దముక్క పట్టుకుంటే అసహ్యం, పట్టుకోకపోతే పాఠం సాగదు. అందుకని నల్లబల్ల మీద ఒక వాక్యం రాసి చేతులు తుడుచుకొని, మళ్ళీ ఒక వాక్యం రాసి మళ్ళీ తుడుచుకొనేవారు. బజారులో అమ్మే గైడు ఎవరి సంచిలోనైనా కనపడితే, దాన్ని రెండు వేళ్ళతో చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తి కిటికీలోంచి పారేసేవారు. "కతను పిండి నీళ్ళు అమ్ముతాండారు, దరిద్రులు" అనేవారు. కాఫీలో చక్కెర ఎక్కువైతే ఛీ. పెళ్ళిపత్రిక మీద పొగడ్తలు ఎక్కువైతే ఛీ. తన పాఠం తనకే నచ్చని రోజున, గంట కొట్టినా కదలకుండా నిలబడి, "ఛీ, ఈ పొద్దు బాగా చెప్పలేదు, రేపు మల్ల చెప్తా" అనేవారు. అట్లా అన్న ఇంకో మాష్టరును నేను చూడలేదు. నేనూ ఇప్పుడు ఆ ఉద్యోగమే చేస్తున్నాను కాబట్టి ఆ మాట అనడం ఎంత కష్టమో తెలుసు.

"అసహ్యపడేది కూడా నేర్చుకోవల్ల పాపా. ఏది చూసినా బాగుండాదనేవానికి బాగుండేది ఎదురైనా తెలీదు" అని ఒకసారి నాతో అన్నారు. అప్పుడు అర్థం కాలేదు.

నేను ఫోర్తు ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, ఉండగా పెద్దదాన్నయ్యాను. మా ఇంట్లో దానికి ఒకటే అర్థం, ఇక బడి చాలు. మా అమ్మ తమ్ముడు, అంటే నాకు మేనమామ, అప్పటికే అడగడం మొదలుపెట్టాడు. ధర్మవరంలో చీరలు ఎత్తుకొని పోయి హిందూపురంలో, బెంగుళూరులో అమ్మే వ్యాపారం ఆయనది. మనిషి చెడ్డవాడని చెప్పను. కానీ నా తలమీద చెయ్యి పెట్టి, "దీనికి ఇంగ చదువేంటికక్కా, లెక్క నేను చూసుకుంటా, వంట ఇది చూసుకుంటుంది" అని నవ్వినప్పుడు ఆ చేతికున్న మల్లెనూనె వాసనకు ముఖం పక్కకు తిప్పుకొనేదాన్ని. ఆ తిప్పుకోవడానికి మా ఇంట్లో ఎవరూ విలువ ఇవ్వరు. మేనమామ వరస, కలిసొచ్చిన సంబంధం, అంతే.

వారమైనా నేను బడికి రాకపోయేసరికి అయ్యవారే మా ఇంటికి వచ్చారు. మా నాయన మగ్గం గుంతలో నడుముదాకా దిగి నేస్తున్నాడు. అయ్యవారు గడప పక్కనున్న మెట్టును రుమాలుతో దులిపి, అనుమానంగా చూసి, ఇంకోసారి దులిపి కూర్చున్నారు. నేను లోపలి తలుపు చాటున నిలబడ్డాను.

"ఏమప్పా, పాప బడికి రాలేదే?"

"ఇంగ రాదు అయ్యవారూ. పెద్దదయింది. వాళ్ళ మామ అడుగుతాండాడు."

"నీతో మాట్లాడల్లప్పా. ఒకరవ్వ పైకి రా."

"దిగినోన్ని పొద్దు గూకేదాకా పైకొచ్చేకి లేదు అయ్యవారూ. చీర అయ్యేది తడవైతాది. చెప్పేదేందో ఆడనే కూచోని చెప్పండి, చెవులు ఖాళీగానే ఉండాయి."

ఆడపిల్లల చదువు గురించి అయ్యవారు పెద్ద ఉపన్యాసం ఇస్తారనీ, మా నాయన ఊఁ కొడుతూ నేస్తూ ఉండిపోతాడనీ, అంతటితో నా పని అయిపోయిందనీ అనుకున్నాను. ఆయన ఉపన్యాసం ఎత్తనే లేదు.

"ఇంగ్లాండులో ఒక ఊరుండాదప్పా" అన్నారు. "మన ధర్మవరం మాదిరే, ఊరంతా మగ్గాలే. కాకుంటే అవి ఆవిరితో ఆడతాయి."

పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె వేగం తగ్గింది. "ఆవిరితోనా? ఎట్ల?"

అదెట్లాగో వివరంగా చెప్పారు. ఆ ఊళ్ళో మేనమామ ఇంట్లో పెరిగే ఒక తల్లీతండ్రీ లేని పిల్లను గురించి చెప్పారు. ఆ ఆవిరిమగ్గాల మిల్లుకు యజమాని ఒకడు, తల నెరిసినవాడు, గుర్రబ్బండిలో పోతూ ఆ పిల్లను చూసి బండి ఆపించాడు. అంతవరకు చెప్పి, గొడుగు తీసుకొని లేచారు.

"మల్ల?" అన్నాడు మా నాయన.

"మల్ల రేపు. ఊరికే చెప్తానా? కత అయ్యేదాకా పాప బడికి రావల్ల."

మా నాయన నవ్వాడు. "సరే అయ్యవారూ. కత అయ్యేదాకా బడి. మాటంటే మాటే."

నాలుగు రోజుల్లో తేలిపోయే కథే అనుకొని ఉంటాడు. ఆ కాలం ఇంగ్లీషు నవలలు ఇటుకల మాదిరి ఉంటాయని పాపం మా నాయనకు ఏం తెలుసు?

అట్లా మొదలైంది. బడి విడిచాక, పొద్దు గూకేలోపల, అయ్యవారు మెట్టు దులుపుకొని కూర్చొనేవారు. మా నాయన గుంతలో, మా అమ్మ రాట్నం దగ్గర దారం కండెలు చుడుతూ, నేను పక్కన. మా నాయన కళ్ళు చీర మీద ఉండేవి కాబట్టి ఆయన ముఖం చూసి కథ ఎట్లా నడుస్తోందో కనుక్కోవడానికి లేదు. అయ్యవారు మగ్గం చప్పుడునే కనిపెట్టుకొని చెప్పేవారు. చప్పుడు గబగబా సాగుతుంటే కథ చప్పగా ఉందని లెక్క, వెంటనే మాట మార్చేవారు. చప్పుడు మందగించిందా, గొంతు తగ్గించేవారు. పూర్తిగా ఆగిపోయిందా, ఆయన ముఖంలో, ఎప్పుడూ ఏదో చేదు మింగినట్టుండే ఆ ముఖంలో, చిన్న వెలుగు కనిపించేది.

మా అమ్మ మొదట్లో సణిగింది. "మీ కతతో చీర దిగేది ఆలస్యమైతాండాది అయ్యవారూ" అని. తర్వాత తనే అడగడం మొదలుపెట్టింది.

"తల్లి లేని పిల్లంటారు గదా, దానికి తల ఎవరు దువ్వుతారు?"

అయ్యవారు తడబడ్డారు. పుస్తకంలో ఆ సంగతి లేదనుకుంటాను. మరునాడు వస్తూనే, "ఆ ఇంట్లో పనిచేసే ముసలామె ఉండాదమ్మా, ఆమె దువ్వుతుంది" అన్నారు. మా అమ్మ నెమ్మదించింది.

కథలో, ఆ పిల్లను మిల్లు యజమానికి ఇచ్చి పెళ్ళి చెయ్యాలని వాళ్ళ మేనమామ పట్టుబట్టాడు. ఆ పిల్ల ఒక తెల్లవారుజామున, సన్నగా వాన పడుతుండగా, చిన్న పెట్టె పట్టుకొని ఇల్లు వదిలి పోయింది. అయ్యవారు ఆ ఘట్టం చెప్పిన సాయంత్రం మగ్గం ఆగింది. ఆగి చాలాసేపు మళ్ళీ ఆడలేదు. మా అమ్మ రాట్నం వదిలేసి చూస్తోంది.

"మంచిపని చేసె" అన్నాడు మా నాయన, ఎవరితోనూ కాకుండా. మళ్ళీ నాడె వేశాడు.

ఆ పిల్ల సముద్రం ఒడ్డున ఒక పల్లెలో చేపలు పట్టేవాళ్ళ పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. "సముద్రమంటే మన బుక్కపట్నం చెరువంత ఉంటుందా?" అని మా అమ్మ అడిగింది. "దీనికి అవతలి గట్టు ఉండదమ్మా" అన్నారు అయ్యవారు. ఇంతలో నేను ఫిఫ్తు ఫారంలోకి వచ్చాను. ఒక రాత్రి ఎవరో ఆ పిల్ల తలుపు తట్టారు. కథ అక్కడ ఉంది.

మా మామ ఎంతకాలమని ఓపిక పడతాడు? బెంగుళూరు వెళ్ళి ఒక పండుగంత ముఖంతో తిరిగొచ్చాడు.

"బావా, ఆ అయ్యవారు సాగదీస్తాండే కత సినిమా తీసినారు! బెంగుళూరులో చూసి వస్తాండా. హిందూపురానికి కూడా వచ్చింది, ఆదివారం పొద్దున ఆట. అందరం పోదాం, టికెట్లు నావే. రెండు గంటల్లో కత తేలిపోతాది. నీ మాట కూడా తీరిపోతాది."

మా నాయన తల వంచుకున్నాడు. "నేనన్నది కత అయ్యేదాకానే గదా" అన్నాడు, నా వైపు చూడకుండా. మాట తప్పే మనిషి కాదు. ఆ మాటే ఇన్నాళ్ళూ నన్ను కాపాడింది, ఇప్పుడు అదే నా మెడకు చుట్టుకుంది. ఆ రోజు మా మామ నవ్వు చూసినప్పుడు పుట్టిన రోత ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

బళ్ళో అయ్యవారికి చెప్పాను. చెంబులో బల్లిని చూసినట్టు ముఖం పెట్టారు. "సినిమానా? ఆ పుస్తకాన్నా?" అన్నారు. ఆదివారం స్టేషనుకు తనే వచ్చారు, తన టికెట్టు తనే కొనుక్కొని. రైల్లో మా మామ కమలాపండు ఒలిచి ఇస్తే పుచ్చుకోలేదు. పెనుకొండ రాగానే ఎప్పుడూ కిటికీలోంచి తొంగి తమ ఊరి కొండను చూసే మనిషి ఆ రోజు తలెత్తలేదు.

హిందూపురం హాలు సంగతి ఏం చెప్పమంటారు! గోడల నిండా తాంబూలం ఉమ్మి, గాలి నిండా బీడీ పొగ. ఆడవాళ్ళకు ఒక పక్క, మధ్యలో మోకాలెత్తు గోడ. ఆ గోడ పక్కనే మా అమ్మా నేనూ కూర్చున్నాం. అవతల మా నాయన, ఒక పక్క మామ, ఒక పక్క అయ్యవారు. బెంచీ మీద అయ్యవారు రుమాలు పరిచి కూర్చున్నారు. సినిమా ఆడించే మిషను ఒకటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. సోడావాళ్ళు, వడలవాళ్ళు కేకలు.

సినిమా అంతా పట్టూ లేసులే. మేనమామ ఇంట్లో అంట్లు తోమే పిల్ల నేలమీద జీరాడే పట్టుగౌను వేసుకొని తోముతోంది. మొదటి విరామంలోనే మా అమ్మ గోడమీంచి గట్టిగా అడిగింది.

"అయ్యవారూ, తల్లీతండ్రీ లేని పిల్లకి అంత పట్టు ఎవరిచ్చిరి? నేసేవాళ్ళం, మాకే లేదే!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అయ్యవారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

మా నాయనకు ఎక్కడ కూర్చున్నా కాళ్ళు ఆడించే అలవాటు. మగ్గం తొక్కీ తొక్కీ వచ్చిన అలవాటు అది. ఒకటి నొక్కితే ఒకటి లేస్తుంది. గోడమీంచి నేను తెరకన్నా ఆ కాళ్ళనే ఎక్కువ చూశాను. ఆ పిల్ల ఇల్లు వదిలే ఘట్టం వచ్చింది. వానట, కానీ ముఖం మీది రంగు చెదరలేదు, జుట్టు తడవలేదు. వెనక పెద్ద బాజా. హాల్లో ఎవడో ఈల వేశాడు. మా ఇంట్లో మగ్గాన్ని ఆపేసిన ఘట్టం అది. మా నాయన కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

ఆఖరి రీలు. తలుపు తట్టింది మిల్లు యజమానే. వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పిల్ల వాణ్ణి చూసి, బడిపిల్లలను ఉన్నవాళ్ళను ఉన్నట్టే వదిలేసి, పరుగెత్తి వాడి రొమ్ము మీద వాలింది. తర్వాత తెల్లగౌను, గుర్రబ్బండి, చర్చిలో గంటలు. దీపాలు వెలిగాయి.

"అయిపాయ!" అని మా మామ తొడ చరిచాడు. "కత కంచికి పోయె బావా. ఇంగ మనం ముహూర్తం చూసుకుందాం."

అప్పుడు అయ్యవారు లేచారు. తాకడానికే రోసిన ఆ బెంచీ మీదికి చెప్పులు విడిచి వట్టికాళ్ళతో ఎక్కారు. "అబద్ధం! ఇది అబద్ధం! ఆ పిల్ల అట్ల చెయ్యదు!" అని అరిచారు.

"కూచో సామీ!" అన్నారెవరో. హాలంతా నవ్వు. ఒక కమలాతొక్క వచ్చి ఆయన చొక్కా మీద పడింది. అది ఎటునుంచి వచ్చిందో నేను చూశాను. కమలాపండ్లు ఎవరి దగ్గర ఉన్నాయో మీకూ తెలుసు.

"సినిమా తీసినోళ్ళ కంటే ఈయనకెక్కువ తెలుసునా?" అన్నాడు మామ.

బయటికి వచ్చాం. రోడ్డు మీదే మామ ఆకూవక్కా తీశాడు, మా నాయన చేతిలో పెట్టడానికి. అది పుచ్చుకుంటే మాట ఖాయమైనట్టే. మా నాయన చెయ్యి చాచలేదు.

"ఉండబ్బా" అన్నాడు. "ఆ ఆఖరిది దాంట్లో నేసింది కాదు. చీర ఒక రకం, కొంగొక రకం. యాడిదో కొంగు తెచ్చి అతికినారు. ఈ చీరకి ఈ కొంగు కాదు."

"అదేంది బావా, అందరం కండ్లతో చూస్తిమి గదా!"

"చూసినా. అందుకే చెప్తాండా." అయ్యవారి వైపు తిరిగాడు. "అయ్యవారూ, నేను కత వినేది మీ దగ్గర ఎత్తుకుంటి. మీరు చెప్పి ముగిస్తేనే నాకు ముగిసినట్లు. రేపు రండి. తలుపు తట్టినంతవరకు చెప్పినారు, మల్ల ఏమాయ?"

అయ్యవారు చొక్కా దులుపుకుంటున్నారు. చాలాసేపు దులుపుకున్నారు. "చెప్తానప్పా. ఇంగా శానా ఉండాది."

"శానా అంటే?"

"పాప ఎస్సెల్సీ దాకా ఉంటుంది."

మా నాయన ఆ నడిరోడ్డు మీద తల వెనక్కి వేసి నవ్వాడు. మా మామ ఆకూవక్కా తన నోట్లోనే వేసుకున్నాడు. ఆ ఏడాదే ఇంకో పిల్లను చేసుకున్నాడు. సుఖంగానే ఉన్నారు.

కథ సాగింది. తలుపు తట్టింది ఒక పడవవాడట. గాలివానకు బడి కప్పు ఎగిరిపోయిందట, ఊరందరూ కలిసి మళ్ళీ వేశారట. ఆ పిల్ల దగ్గర చదువుకున్న ఒక పిల్ల డాక్టరీకి పోయిందట. మగ్గం ఎన్నిసార్లు ఆగిందో! నేను ఎస్సెల్సీ ప్యాసయ్యాను. టీచరు ట్రైనింగుకు పోయే రోజు రైలుదాకా వచ్చిన మా నాయన, "కత అయిపాయనా అయ్యవారూ?" అని అడిగాడు. "ఇంగా ఉండాదప్పా" అన్నారు ఆయన.

ట్రైనింగు స్కూలు లైబ్రరీలో ఆ పుస్తకం కనపడింది. డిక్షనరీ పక్కన పెట్టుకొని, ఎంగిలి వేలితో పుటలు తిప్పుతూ, పిచ్చిపట్టినట్టు చదివాను. తల దువ్వే ముసలామె లేదు. సరే. పడవవాడు లేడు. కప్పు ఎగిరిపోలేదు. తలుపు తట్టింది మిల్లు యజమానే. చివరి అధ్యాయంలో గుర్రబ్బండి, తెల్లగౌను, చర్చిగంటలు. సినిమావాళ్ళు ఉన్నదే తీశారు. అబద్ధమని బెంచీ ఎక్కి అరిచిన మనిషే అబద్ధం చెప్పారు. గైడులో ఒక వాక్యం తప్పు పడితే భరించలేని మనిషి!

సెలవుల్లో పెనుకొండ వెళ్ళాను. అప్పటికి రిటైరై సొంత ఊళ్ళో ఉంటున్నారు. నాకు కాఫీ ఇచ్చి, తన కాఫీలో ఏదో నలుసును చెంచాతో వెంటాడుతున్నారు.

"అయ్యవారూ, ఆ పుస్తకం చదివినా."

చెంచా ఆగింది. "ఆఖరు దాకానా?"

"ఆఖరు దాకా. సినిమావాళ్ళు అబద్ధం చెప్పలేదు."

సిగ్గుపడతారనుకున్నాను. ఆయన ముఖం రోతతో ముడుచుకుపోయింది.

"నేను సినిమావాళ్ళను అన్నానా? అబద్ధం అంటి. రాసినాయనే అబద్ధం రాసినాడు! అన్ని వందల పుటలు ఆ పిల్లను ఒక మనిషి మాదిరి పెంచినాడు. వానలో ఇల్లు వదిలేంత గుండె ఇచ్చినాడు. ఆఖరికి, పెండ్లి లేకుంటే ఎవరూ కొనరని, తీసకపోయి వానికే అమ్మేసినాడు. థూ! మొదటిసారి చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు. మీ నాయన ఏమన్నాడు? ఈ చీరకి ఈ కొంగు కాదన్నాడు. ఆ మాట పుస్తకానికే పాపా."

"మరి మా నాయనకు చెప్పల్లనా?"

"ఏమని?"

"కత అయిపోయిందని."

ఆయన చెంచాతో నలుసును తీసి అవతల విదిలించారు. "నీ ఇష్టం" అన్నారు. "కాఫీ చల్లారింది, ఛీ, తాగొద్దు. ఇంకోటి పెట్టిస్తా."

నేను చెప్పలేదు.

ఇప్పుడు ఈ సభ. పెనుకొండ బళ్ళో పెద్దగది. మధ్యాహ్నం ఎండ రాకుండా కిటికీలకు కంబళ్ళు కట్టారు. ఫోటోకు ఆయన జన్మలో ఒప్పుకోని కాగితప్పూల దండ. సినిమాను బెంగుళూరు నుంచి తెప్పించింది ఎవరనుకున్నారు? మా మామే. పెద్దమనిషి అయ్యాడు, శాలువా కప్పుకున్నాడు. "నేనూ అయ్యవారూ పక్కపక్కన కూచోని చూసిన సినిమా ఇది. ఆయనకు ఎంత ఇష్టమంటే, బెంచీ ఎక్కి కేకలు వేసినారు!" అన్నాడు మైకులో. జనం చప్పట్లు కొట్టారు. తను విసిరిన తొక్క సంగతి మాత్రం మరిచిపోయాడు. నిజంగానే మరిచిపోయి ఉంటాడు కూడా, అదే నాకు మరీ అసహ్యం.

మా నాయనను ధర్మవరం నుంచి వెంటబెట్టుకొని వచ్చాను. చూపు తగ్గింది, మగ్గం గుంతలోకి దిగడం మానేశాడు. కాళ్ళు మాత్రం మానలేదు. మొదటి రీలు నుంచీ ఆడుతూనే ఉన్నాయి.

ఆఖరి రీలుకు ముందు దీపాలు వెలిగాయి. మిషనువాడు ఆ రేకు డబ్బా మూత తీస్తున్నాడు. నాకు అయ్యవారిలాగే బెంచీ ఎక్కి అరవాలనిపించింది. అరిస్తే మళ్ళీ చప్పట్లే కొడతారు. ఇంత కాలం దాచింది ఇంక చాలనుకొని, మా నాయన చెవి దగ్గర వంగాను.

"నాయనా, బయటికి పోదాం పా. ఆ కత పుస్తకంలో ఏమాయనో చెప్తా. నేను ఆఖరు దాకా చదివినా."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు పాపా."

"ఏంటికి నాయనా?"

"కత అయిపోతే నువ్వు బడి మానల్ల గదా. ఆ పొద్దు నేనిచ్చిన మాట అట్లే ఉండాది."

నవ్వుతూ అన్నాడా, నిజంగానే అన్నాడా, నాకు తెలియదు. తనే కర్ర ఊతంగా లేచి, తడుముకుంటూ బయటికి నడిచాడు. వాకిలి మెట్ల దగ్గర ఆగి, భుజం మీది తువాలు తీసి మెట్టును దులిపాడు. తను కూర్చోవడానికి కాదు. పక్కన ఇంకొకరు పట్టేంత మేర, అనుమానంగా వంగి చూసి, ఇంకోసారి దులిపాడు. తర్వాత అటు జరిగి కూర్చున్నాడు. లోపల చర్చిగంటలు మొదలయ్యాయి. ఎండలో, దులిపిన ఆ మెట్టు ఖాళీగా ఉంది. దాని పక్కన మా నాయన కాళ్ళు, ఒకటి నొక్కితే ఒకటి లేస్తూ, ఆగకుండా ఆడుతున్నాయి.